మద్రాసు చీతా – మాంచెస్టర్ గోడ

వైట్‌ఫీల్డ్‌లో స్థిరపడిన మన నేత కుటుంబాల వాళ్ళం పండక్కీ పెళ్ళిళ్ళకీ హోస్కోటె, కోలారు, పలమనేరు మీదుగా చిత్తూరు చేరి, అక్కడినుంచి నగరి, నారాయణవనం వైపు బంధువుల ఇళ్ళకు పోతుంటాం. ఆ సీమలో ఒకప్పుడు చీతాలు తిరిగేవంటే మన పిల్లలు నమ్మరు. కానీ మన దేశంలో చీతా కనబడినట్టు రాసిపెట్టిన చివరి కబుర్లలో ఒకటి 1951 నాటి చిత్తూరు జిల్లాదే. ఆ మరుసటి ఏడే, 1952లో, ఈ జంతువు దేశంలో అంతరించిపోయిందని ప్రకటించారు.

చీతా, చిరుత ఒకటి కావు. చీతాకు నడుము సన్నం, కాళ్ళు పొడుగు, కంటినుంచి నోటిదాకా కన్నీటి చారలాగా నల్లగీత. ఒంటినిండా మచ్చలు కాబట్టి సంస్కృతంలో చిత్రకం అన్నారు; ఆ మాటే చీతా అయింది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా చేసిన జెర్డన్ 1867లో అచ్చువేసిన పుస్తకంలో దీనికి తెలుగులో చీతాపులి అనీ, కన్నడంలో సివంగి అనీ పేర్లు చెప్పాడు.

ఈ జంతువుకు దక్కిన గొప్ప చిత్రపటం ఒకటుంది. మద్రాసు గవర్నరుగా చేసిన జార్జ్ పిగట్ ఒక చీతాను ఇంగ్లండుకు తీసుకుపోయి మూడో జార్జ్ రాజుకు కానుకగా ఇచ్చాడు. 1764లో విండ్సర్‌లో దాన్ని ఒక దుప్పి మీదికి వదిలారు. దుప్పి ఎదురు తిరిగి కొమ్ములు విసిరేసరికి చీతాయే వెనక్కి తగ్గింది! ఆ తర్వాత జార్జ్ స్టబ్స్ అనే చిత్రకారుడు దాన్ని పెద్ద నూనెరంగుల చిత్రంగా వేశాడు. గుర్రాలను కోసి చూసి, ఎముకా కండరమూ నేర్చుకున్న మనిషి ఆయన. అందుకే ఆ చీతా బొమ్మలా ఉండదు, ప్రాణంతో నిలబడినట్టే ఉంటుంది. తలమీద ఎర్రటి టోపీ, నడుముకు ఎర్రటి పట్టీ. పక్కన తలపాగాలు చుట్టుకున్న ఇద్దరు మనవాళ్ళు.

ఆ పటం ఇప్పుడెక్కడుందో తెలుసా? మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలో! మిల్లుబట్టతో మన మగ్గాలను మూలకు నెట్టిన ఊరు అదే కదా. ఇంకో సంగతి: ఆ చీతా విండ్సర్‌లో ఉన్న 1764 ప్రాంతంలోనే, మాంచెస్టర్‌కు దగ్గర్లో, హార్‌గ్రీవ్స్ ఒకేసారి అనేక కండెలు తిప్పే జెన్నీ రాట్నం తయారుచేశాడు. రాజు, గవర్నరు, చిత్రకారుడు పేర్లతో నిలిచారు. చీతాను సాకి, సముద్రం దాటించినవాళ్ళు మాత్రం పటం పేరులో ‘ఇద్దరు భారతీయ సేవకులు’గానే మిగిలారు. చీర నేసినవాడి పేరు చీరమీద ఉండకపోవడం ఎరిగిన మనకు ఇది కొత్తేమీ కాదు.

మరి ఇంత ముద్దుచేసిన జంతువు ఎందుకు పోయింది? చీతా చెరలో పిల్లలు పెట్టడం చాలా అరుదు. మొగలాయిల కాలమంతటిలో జహంగీరు దగ్గర ఒక్క ఈత మాత్రమే లెక్కకెక్కింది. అందుకని వేట నేర్చిన జంతువులను అడవినుంచి పట్టుకొస్తూనే ఉన్నారు. పైగా తెల్లదొరలు చంపినవాళ్ళకు బహుమతులిచ్చారు, పచ్చికబయళ్ళు పొలాలయ్యాయి. 1947లో కొరియా సంస్థానం రాజు ఒక్క రాత్రి మూడింటిని కాల్చాడు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. అవి ఆఫ్రికావి, మనవి కావు. మన సీమ చీతా పటంలోనే మిగిలింది.

మన వార్షికోత్సవ వేళ ఈ కథ ఎందుకంటే – పెరిగినదాన్ని పట్టుకుని వాడుకున్నారేగానీ, పుట్టి పెరిగే చోటును ఎవరూ కాపాడలేదు. చేతిపని సంగతీ అంతే. సన్మానాలు, శాలువాలు, గోడమీద ఫొటోలు మంచివే. కానీ గుంటమగ్గం దగ్గర కూర్చుని నేర్చుకునే పిల్లవాడు లేకపోతే, అవన్నీ మాంచెస్టర్ పటంలాంటివే అవుతాయి. ఈసారి ఊరికి పోయినప్పుడు తాతనడిగి ఒక అంచు పేరు, అది నేసినవారి పేరు రాసుకు రండి. వీలైతే పిల్లల్ని ఒక పూట మగ్గం దగ్గర కూర్చోబెట్టండి.