రంగు లేని చోట గీత: హ్యాచింగ్ సంకేతాల చరిత్ర, సంవృత ఆకృతి సమస్య

వ్యాససంగ్రహం:
క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన ఆకృతి లోపలి భాగాన్ని గీతల నమూనాతో నింపడాన్ని హ్యాచింగ్ అంటారు. రంగు వాడలేని ముద్రణ పరిస్థితులు ఈ గీతలను అర్థం గల సంకేతాలుగా మార్చాయని, కంప్యూటర్ వాటిని స్వీకరించినప్పుడు ఆకృతి ‘మూసి ఉండాలి’ అనే షరతు కొత్తగా చేరిందని, ఈ మార్పుల్లో సంకేతార్థం సడలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: హ్యాచింగ్, సంకేతం, బ్లూప్రింట్, సంవృత వక్రం, క్యాడ్.

1. ఉపోద్ఘాతం

లిపి చరిత్రను అధ్యయనం చేసేవారు సాధారణంగా అక్షరాల దగ్గర ఆగిపోతారు. యంత్రభాగపు పటంలోనో, భవన నిర్మాణ పటంలోనో కనిపించే ఏటవాలు గీతల వరుస కూడా ఒక నియమానికి లోబడి చదవవలసిన రాతే. ఆ నియమం తెలిసినవాడికి అది ఇనుము, ఇటుక, కాంక్రీటు. తెలియనివాడికి వట్టి గీతలు. తెలుగు శాఖలో పనిచేసేవారికి ఈ విషయంతో ఏమి పని అని అడిగేవారికి ఈ వ్యాసకర్త సమాధానం ఇదే: సంకేతానికీ అర్థానికీ ఉన్న ముడి ఎలా పడుతుందో, ఎలా వదులవుతుందో చూడడానికి ఇంత స్పష్టమైన ఉదాహరణ అరుదు.

‘హ్యాచ్’ అనే మాటకు మూలం ఫ్రెంచి క్రియ ‘అషే’. నరకడం, తరగడం అని దాని అర్థం. రాగిరేకు మీద ఉలితో గాట్లు పెట్టే పనికి ఆ మాట చక్కగా అతుకుతుంది.

2. రంగుకు బదులు గీత

రాగిరేకు ముద్రణలో సిరా ఒకటే, నలుపు. నీడ కావాలంటే గీతలను దగ్గరగా గీయాలి, వెలుగు కావాలంటే దూరంగా గీయాలి. ఈ దశలో గీతకు వెలుగునీడల విలువే తప్ప నిర్దిష్టమైన అర్థం లేదు. ఐరోపా ప్రభువంశాల చిహ్నాలను ముద్రించవలసి వచ్చినప్పుడు ఈ పద్ధతి చాలలేదు. ఆ చిహ్నాల్లో రంగే గుర్తింపు. ఎర్రని డాలు ఒక వంశానిదైతే నీలి డాలు మరొకరిది. ముదురు, లేత ఛాయలతో ఆ తేడా తెలియదు.

నెదర్లాండ్స్ ప్రాంతపు చెక్కుడు పనివారు రంగుకొక గీతల తీరును కేటాయించే ప్రయత్నాలు అప్పటికే చేశారు. కాని ఒకరి పద్ధతి మరొకరితో కలవలేదు. జెస్యూట్ పండితుడు సిల్వెస్టర్ పెట్రా సాంక్టా 1638లో రోమ్‌లో ప్రచురించిన ‘టెస్సెరే జెంటిలీషియే’ ద్వారా వ్యాప్తిలోకి వచ్చిన పద్ధతే చివరికి నిలిచింది. ఎరుపుకు నిలువు గీతలు, నీలానికి అడ్డగీతలు, ఆకుపచ్చకు ఏటవాలు గీతలు, నలుపుకు నిలువు అడ్డగీతలు కలిసిన గళ్ళు, బంగారానికి చుక్కలు. వెండికి ఏమీ లేదు, ఖాళీయే దాని గుర్తు. నిలువు గీతకూ ఎరుపుకూ సహజ సంబంధమేదీ లేదు. పదానికీ అర్థానికీ ఉన్నట్లే ఇదీ కేవలం ఒప్పందం. ఒప్పందం కనుకనే అది వ్యవస్థగా నిలబడింది.

3. నీలి కాగితం

19వ శతాబ్దపు యంత్ర పటాలలో పదార్థాన్ని నీటిరంగులతో సూచించేవారు. పద్ధతుల్లో తేడాలున్నా ఇత్తడికి పసుపు, పోత ఇనుముకు బూడిద, సాగగొట్టిన ఇనుముకు ప్రష్యన్ నీలం వేయడం సాధారణం. 1842లో జాన్ హెర్షెల్ కనుగొన్న సయనోటైప్ ప్రక్రియ 1870ల నుండి పటాల నకళ్ళ తయారీకి విస్తృతంగా ఉపయోగపడింది. అదే బ్లూప్రింట్. అందులో నేల అంతా నీలం, గీత తెలుపు. మూలపటంలో ఎన్ని రంగులు వేసినా నకలులో అవి రంగులుగా కనబడవు. విచిత్రమేమంటే, ఆ రంగుల భాషను తుడిచివేసిన నీలం కూడా ప్రష్యన్ నీలమే. రెండు శతాబ్దాల నాటి ఇబ్బంది మళ్ళీ ఎదురైంది, పరిష్కారం కూడా అదే: రంగు బదులు గీత. వస్తువును ఊహలో కోసి చూపే సెక్షన్ పటంలో కోత పడిన తలాన్ని ఏటవాలు గీతలతో నింపి, పదార్థాన్ని బట్టి వాటి తీరు మార్చారు. తరువాత ఈ సంకేతాలను జాతీయ ప్రమాణాలు స్థిరపరిచాయి. మన దేశంలో భవన పటాలకు ఐఎస్ 962, విద్యాసంస్థలకు ఎస్‌పి 46 ఈ కోవలోనివే.

4. మూసి ఉండడం అనే షరతు

చేత్తో గీసేవాడికి ఆకృతి పూర్తిగా మూసుకోకపోయినా ఫరవా లేదు. శ్రీకాళహస్తి కలంకారీలో బెల్లం, ఇనుపముక్కలు ఊరబెట్టిన నల్లని ద్రవంతో ముందు రూపురేఖ గీసి, తరువాత రంగులు నింపుతారు. రేఖ ఎక్కడైనా తెగినంత మాత్రాన రంగు వేసే చేయి హద్దు దాటదు. ఎక్కడ ఆగాలో కంటికి తెలుసు.

కంప్యూటర్‌కు ఆ కన్ను లేదు. దానికి లోపల, బయట అనేవి గణించవలసిన విషయాలు. తనను తాను ఖండించుకోని సంవృత వక్రం తలాన్ని లోపల, బయట అని రెండుగా విభజిస్తుందన్న సిద్ధాంతాన్ని కమీ జోర్డాన్ 1887లో ప్రతిపాదించాడు. పసిపిల్లలకు కూడా తెలిసినట్టుండే ఈ మాటను నిరూపించడం మాత్రం తేలిక కాదు. దీని నుండి వచ్చే పరీక్ష ఇది: ఒక బిందువు నుండి ఏదో ఒక దిక్కుకు కిరణం గీసి, అది సరిహద్దును ఎన్నిసార్లు దాటిందో లెక్కించాలి. బేసిసంఖ్య అయితే ఆ బిందువు లోపల, సరిసంఖ్య అయితే బయట. సరిహద్దులో వెంట్రుకవాసి సందు ఉంటే ఈ లెక్కకు ఆధారమే ఉండదు.

ఇవాన్ సదర్లాండ్ 1963 నాటి ‘స్కెచ్‌ప్యాడ్’లో కలిసిన రెండు గీతలు ఒకే బిందువును పంచుకునేవి. ఒకటి కదిలితే రెండవదీ కదిలేది. 1982లో వెలువడిన ఆటోక్యాడ్‌లో ప్రతి గీత తన కొసల నిరూపకాలను తానే విడిగా దాచుకుంటుంది. కనుక తెర మీద కలిసినట్టు కనిపించే గీతలు నిజానికి కలవకపోవచ్చు. తొలి హ్యాచ్ ఆదేశానికి కొసకు కొస తాకే గీతలను వాడుకరే ఎంచి ఇవ్వవలసి వచ్చేది. 1992 నాటి 12వ విడుదలలో, లోపల ఒకచోట నొక్కితే సరిహద్దును సాఫ్ట్‌వేరే వెతుక్కునే సదుపాయం వచ్చింది. ఆ తరువాతి విడుదలలో, సరిహద్దు మారితే నింపుడు కూడా దానంతటదే మారే అనుబంధం కుదిరింది. ఎంత సందును క్షమించవచ్చో చెప్పే అమరిక ఇంకా తరువాతిది. దాని తొలి విలువ సున్నా. అంటే వాడుకరి చెప్పనిదే ఏమాత్రమూ క్షమించదు.

5. అయిదు అంకెలు

ఆటోక్యాడ్ నమూనాల ఫైలులో ‘ఆన్సీ31’ అనే ఏటవాలు గీతల నమూనా మొత్తం అయిదు అంకెల్లో ఇమిడి ఉంది: 45, 0, 0, 0, 0.125. మొదటిది కోణం, తరువాతి రెండు ఆరంభ బిందువు, నాలుగవది పక్కకు జరుపు, చివరిది గీతల మధ్య దూరం, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పెట్రా సాంక్టా పుస్తకపు చెక్కుడు పనివాడు గంటలు వెచ్చించినది ఇక్కడ ఒక పంక్తి. అయితే ఆ పంక్తికి పైన ఉన్న వివరణ ఇనుము, ఇటుక, రాతికట్టడం అని మూడు పదార్థాలను చెబుతుంది. అదే ఫైలులో ‘ఎస్కర్’ అనే నమూనా ఏ పదార్థాన్నీ సూచించదు, చూడ్డానికి బాగుంటుంది అంతే.

ఈ వ్యాసకర్త దృష్టిలో అసలు మార్పు ఇక్కడ ఉంది. తెర మీద రంగు తిరిగి వచ్చింది. ఏ రంగైనా నింపవచ్చు, అయినా గీతలు పోలేదు. కాని జాబితాలోని చిన్న బొమ్మలను చూసి, కంటికి నచ్చినదానిని ఎంచుకునే అలవాటు బలపడింది. పరిమాణం సరిపోకపోతే కోణం, దూరం కూడా మార్చేస్తారు. దూరం మరీ తగ్గితే గీతలన్నీ కలిసి నల్లని ముద్దగా, మరీ పెరిగితే ఖాళీగా కనిపిస్తాయి. ప్రమాణపత్రాలు అమలులో ఉన్నా నేటి పటాల్లో ఒక మూలన చిన్న పెట్టెల వరుస కనిపిస్తుంది. ఒక్కో పెట్టెలో ఒక్కో నమూనా, దాని పక్కన ఇటుక, కాంక్రీటు, మట్టి అని మాటల్లో రాసి ఉంటుంది.