సెగగడ్డ కథ



మామిడిపండ్ల రోజుల్లో పిల్లవాడి మెడమీదో తొడమీదో సెగగడ్డ లేస్తే, ఇంట్లో పెద్దలు మొదట అనే మాట “వేడి చేసింది”. ఆ పేరులోనే సెగ ఉంది. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగిళ్లలో ఇదే మాట. దీనికి మనం చిన్నబోనక్కరలేదు. చీము పట్టడం పుండు మానే తీరులో ఒక భాగమని యూరపు వైద్యులు సైతం శతాబ్దాల తరబడి నమ్మారు.

ఆ నమ్మకాన్ని కదిలించినవారిలో ఒకరు స్కాట్లండులోని అబర్డీన్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్. ఒక రోగి గడ్డలోని చీమును ఆయన సూక్ష్మదర్శినిలో చూశారు. గుత్తులు గుత్తులుగా గుండ్రని సూక్ష్మజీవులు కనిపించాయి. అవి చీములో పుట్టినవా, చీమును పుట్టించినవా? అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ చీమును ఎలుకలకు సూదితో ఎక్కిస్తే వాటికీ గడ్డలు లేచాయి. అదే చీమును బాగా వేడిచేసి గాని, కార్బాలిక్ ఆమ్లం కలిపి గాని ఎక్కిస్తే లేవలేదు. 1880లో బెర్లిన్ శస్త్రవైద్యుల సభలో ఈ సంగతి చెప్పారు. 1882లో ఆ జీవికి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో స్టెఫిలీ అంటే ద్రాక్షగుత్తి.

ఇంకా సందేహించేవారికి కార్ల్ గారే అనే స్విస్ వైద్యుడు 1885లో తన ఒంటితోనే జవాబు చెప్పారు. పెంచిన క్రిములను సొంత ముంజేతికి రుద్దుకున్నారు. కొద్దిరోజుల్లో చేయి గడ్డలమయమైంది. ఆయన మామిడిపండు తినలేదు సుమండీ!

మరి వేసవి మాటేమిటి? పెద్దలు గమనించినది అబద్ధం కాదు. ఈ క్రిమి ఆరోగ్యవంతుల్లో సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులోనే కాపురముంటుంది. చెమటకు దురద, దురదకు గోకుడు, గోటిగాటు లోపలికి దారి. మా అమ్మమ్మ వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టేది, అది మంచి పనే. ఆపైన గడ్డను పిండేది, అదే తప్పు. చీము లోలోపలికి పాకుతుంది. పదేపదే గడ్డలు లేచే పెద్దవారు మధుమేహం ఉందేమో చూపించుకోవాలి.

గజ్జి పుళ్లకు చీము పట్టినప్పుడు గొలుసుల్లా ఉండే మరో క్రిమి, స్ట్రెప్టోకాకస్, తరచు కనబడుతుంది. పుండు మానిన రెండుమూడు వారాలకు పిల్లవాడి ముఖం ఉబ్బి, మూత్రం ఎర్రగా వస్తే మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమోనని అనుమానించాలి. “గజ్జే కదా” అని ఊరుకున్న ఇళ్లలో ఇది జరుగుతుంది.

1941లో ఆక్స్‌ఫర్డులో ముఖం మీది పుండు విషమించిన ఒక పోలీసుకు పెన్సిలిన్ ఇచ్చారు. గుణం కనబడింది. మందు చాలక అతని మూత్రం నుంచే తిరిగి తీసి ఎక్కించారు. అయినా నిండుకుంది, మనిషి దక్కలేదు. ఇప్పుడు మందులకు కొదవలేదు. అయితే నొప్పి తగ్గగానే మాత్రలు సగంలో మానేసి, మిగిలినవి పొరుగింటికి ఇచ్చే అలవాటు ఉంది. పెన్సిలిన్‌కు లొంగని గుత్తిక్రిములు 1940లలోనే బయటపడ్డాయి. వాటికోసం చేసిన మెథిసిలిన్‌కూ లొంగనివి 1961లో ఇంగ్లండులో కనబడ్డాయి. నేడు అవి మన ఆస్పత్రుల్లోనూ ఉన్నాయి.