బబుల్‌గమ్ కాగితంలో వచ్చిన గవాస్కర్

అక్టోబరు 31 దగ్గరపడుతోందంటే మదనపల్లెలోని మా ఇంటి అటక మీదున్న రేకుపెట్టె కిందికి దిగాల్సిందే. ఆ రోజు కర్నల్ సి.కె. నాయుడు జయంతి. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టి, 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకుడిగా నడిచినవాడు. పెట్టెలో ఉన్న పాత కార్డులు, బిళ్లలు అన్నీ కలిపి అమ్మినా ఒక పూట హోటల్ భోజనానికి చాలవు. అయినా దానికి తాళం వేసే పెట్టుకున్నాను.

ఆటగాళ్ల బొమ్మల కార్డులకు చాలా పాత చరిత్రే ఉంది. 1880లలో అమెరికాలో సిగరెట్టు ప్యాకెట్లు మెత్తటి కాగితంతో చేసేవాళ్లు. లోపలి సిగరెట్లు నలిగిపోకుండా ఒక అట్టముక్క పెట్టేవాళ్లు. ఆ అట్ట మీద బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు అచ్చేస్తే అమ్మకాలు పెరిగాయి. 1896లో ఇంగ్లండ్‌లో విల్స్ కంపెనీ 50 మంది క్రికెటర్ల కార్డులు తెచ్చింది. అందులో మన రంజిత్‌సింహ్‌జీ కూడా ఉన్నాడు. 1940లో యుద్ధం తెచ్చిన కాగితం కరువుతో బ్రిటన్‌లో సిగరెట్టు కార్డులు ఆగిపోయాయి. అమెరికాలో ఆ పనిని బబుల్‌గమ్ కంపెనీలు అందుకున్నాయి. టాప్స్ అనే కంపెనీ 1952లో అచ్చేసిన కార్డులు కొన్ని అమ్ముడుపోక గోదాములో మూలిగాయి. 1960లో వాటిని పడవకెత్తి అట్లాంటిక్ సముద్రంలో పారబోశారు. బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు కూడా ఆ వరసలోదే. మునిగినవి మునగ్గా మిగిలిన వాటిలో ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు పోయింది. మన లెక్కలో దాదాపు 100 కోట్ల రూపాయలు!

మా వీధికి అలాంటివేవీ రాలేదు. మాకు దొరికినవి సిగరెట్టు పెట్టెల అట్టలు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు. చార్మినార్ అట్ట ఎక్కడ పడితే అక్కడ దొరికేది కాబట్టి దానికి విలువ తక్కువ, గోల్డ్‌ఫ్లేక్‌కు ఎక్కువ. గిరి గీసి అట్టలు పేర్చి, బిళ్లరాయితో కొట్టి బయటికి తోసినవాడివే అవన్నీ. కుప్పంలో మేనమామ ఇంటికి పోయినప్పుడు తమిళ అక్షరాల శివకాశి అగ్గిపెట్టెలు ఏరుకొచ్చేవాణ్ని. మదనపల్లెలో అవి లేవు కదా, నాకు భలే గిరాకీ.

ఆ తరువాత 1987 వచ్చింది. ఆ కథ మాత్రం నిదానంగా చెప్పాలి.

ఆ ఏడు ప్రపంచ కప్పు మన దేశంలోనూ పాకిస్తాన్‌లోనూ జరిగింది. అక్టోబరు 9న మద్రాసు చేపాక్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఒకే ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం. మద్రాసు మాకు దూరమేం కాదు, ఇంట్లోనే ఎవరో పోయినట్టు అయిపోయింది. ఆ రోజుల్లోనే మా బడి పక్క అంగట్లోకి బిగ్ ఫన్ బబుల్‌గమ్ వచ్చింది. కాగితం విప్పితే గులాబీరంగు గమ్ము, దాంతోపాటు ఒక చిన్న కార్డు. ముందు ఆటగాడి బొమ్మ, వెనక పరుగులు. ఒకటి, రెండు, నాలుగు, ఆరు. పరుగులు పోగేసి అంగట్లో ఇస్తే చిన్న బొమ్మల పుస్తకం ఇచ్చేవాళ్లు. దాని పుటలు బొటనవేలితో గబగబా తిప్పితే బ్యాట్స్‌మన్ బ్యాటు ఊపుతాడు.

ఆ కార్డుకు ఒక వాసన. తీపి, రబ్బరు, అచ్చు సిరా కలిసినట్టుండేది. దానికి తెల్లటి పొడి అంటుకుని ఉండేది. చొక్కా అంచుతో తుడిస్తే గానీ ముఖం కనపడదు. తుడుస్తుంటేనే గుండె దడదడ, ఎవరొస్తారోనని. కపిల్ వస్తే కేక. అజరుద్దీన్ వస్తే ఇంకా పెద్ద కేక, హైదరాబాదు వాడు కదా! ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ 110, 105, 122 కొట్టినవాడు. “అంగడి మామా, ఆ అడుగుది ఎత్తియ్యి మామా” అని బతిమాలేవాళ్లం. అడుగున ఆరు ఉంటుందని ఎవరో చెప్పారు, అందరం నమ్మాం.

నాకు గవాస్కర్ వచ్చాడు. వెనక ఒక్కటంటే ఒక్క పరుగు.

అక్టోబరు 31, శనివారం. నాగపూర్‌లో న్యూజిలాండ్‌తో మ్యాచ్. సెమీఫైనల్ బొంబాయిలో ఆడాలంటే ఊరికే గెలిస్తే చాలదు, త్వరగా గెలవాలి. చేతన్ శర్మ వరసగా ముగ్గుర్ని బౌల్డ్ చేశాడు. ప్రపంచ కప్పుల్లో అదే మొదటి హ్యాట్రిక్. న్యూజిలాండ్ 221. వీధి మొత్తానికీ ఒకటే టీవీ, కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడుతూ చూశాం. ఒళ్లు జ్వరంతో కాలుతున్న గవాస్కర్ 88 బంతుల్లో 103 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ఎన్నో ఏళ్ల వన్డే ఆటలో అతనికి అదొక్కటే వంద. 32.1 ఓవర్లలో ఆట ముగిసింది.

సోమవారం బడికెళ్లేసరికి నా కార్డు రాతే మారిపోయింది. పుంగనూరు నుంచి బస్సులో వచ్చే నా క్లాస్‌మేట్ ఎదురొచ్చాడు. “రేయ్, ఆ గవాస్కర్‌ది ఇచ్చెయ్. రెండు ఆర్లిస్తా” అన్నాడు. పన్నెండు పరుగులు! నాకు పుస్తకం రావడానికి సరిగ్గా అన్నే తక్కువ. మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఆలోచించాను. ఇవ్వలేదు. ఆ పుస్తకం నాకెన్నడూ రాలేదు. గురువారం బొంబాయిలో గూచ్ 115 కొట్టి మనల్ని ఇంటికి పంపించాడు.

తొంభైల్లో ఈ ముచ్చట దారితప్పింది. పిల్లలు కుస్తీవీరుల ట్రంప్ కార్డుల వెంట పడ్డారు. ఐపీఎల్ వచ్చాక, మాంటిల్ కార్డును సముద్రంలో పారబోసిన ఆ టాప్స్ కంపెనీయే మన పిల్లలకు క్రికెట్ అటాక్స్ కార్డులు అమ్మింది. ఇప్పుడు మా మేనల్లుడికి కార్డంటే ఫోన్ తెరే. బబుల్‌గమ్ కార్డులు కూడా పాతవయ్యాయి, వాటికీ బేరాలు మొదలయ్యాయి.

చేతిలో డబ్బు తక్కువున్నా దొరికేవి ఇంకా చాలా ఉన్నాయి. 1930లలో ఇంగ్లండ్‌లో జాన్ ప్లేయర్ కంపెనీ క్రికెటర్ల కార్డులు కుప్పలుగా అచ్చేసింది. అందుకే విడి కార్డులు ఇప్పటికీ వందల్లోనే దొరుకుతాయి. హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూర్చుంటే పాత స్పోర్ట్‌స్టార్ పత్రికలు చేతికొస్తాయి. మధ్యపేజీ బొమ్మ చిరక్కుండా ఉందో లేదో చూసుకోవాలి. తపాలా బిళ్లలు మరీ చవక. రంజిత్‌సింహ్‌జీ బిళ్ల 1973లో వచ్చింది. 1996లో దేవధర్, మన్కడ్, మర్చంట్‌లతో పాటు సి.కె. నాయుడి బిళ్ల వచ్చింది.

నాకు నాయుడు దొరికింది ఆ బిళ్ల మీదే. బొంబాయిలో 1926లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 కొట్టిన మనిషి బొమ్మ నా చిన్నప్పుడు ఏ బబుల్‌గమ్ కాగితంలోనూ రాలేదు. బిళ్ల కొన్నరోజే ఆల్బమ్‌లో గవాస్కర్ కార్డు పక్కన అతికించాను. ఒకరు నాగపూర్‌లో అక్టోబరు 31న పుట్టినవాడు, ఇంకొకరు అదే ఊళ్లో, అదే తేదీన వంద కొట్టినవాడు. నిన్న పెట్టె తీస్తే కార్డు అంచులు పసుపుబారి ఉన్నాయి. వాసన లేదు. తిప్పి చూశాను. వెనక ఆ ఒక్క పరుగు మాత్రం చెక్కుచెదరలేదు.