కాలువకు అడ్డం పడ్డ చెట్టును తీసిందెవరు?

కోస్తా తుఫానుల చరిత్రలో ఉప్పెన ఎత్తు ఉంటుంది, చనిపోయినవాళ్ల లెక్క ఉంటుంది, పర్యటించిన మంత్రుల పేర్లుంటాయి. నీళ్లు తీసిన మర్నాడు మొదలయ్యే చాకిరీ మాత్రం ఉండదు.

1864 నవంబరులో బందరు మునిగింది. దాదాపు 30 వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. 1996 నవంబరు 6 తుఫానుకు కోనసీమ కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఇవన్నీ డెల్టా ప్రాంతాలు. ఇక్కడ కూలిన చెట్టు పడేది ఏ పాయలోనో, కాలువలోనో, మురుగు డ్రెయిన్‌లోనో. మొద్దు వంతెన కింద అడ్డం పడితే దానికి కొమ్మలు, గడ్డి, కొట్టుకొచ్చిన ఇళ్ల తాటాకు చిక్కుకుని కట్టలా తయారవుతుంది. నీరు వెనక్కి తన్నుతుంది. చేలు కుళ్లిపోతాయి. పల్లంలో ఉన్న మాలపల్లె, మాదిగగూడెం అందరికన్నా ఎక్కువ రోజులు నానతాయి.

ఆ కట్టు విప్పాలంటే పీకల్లోతు నీళ్లలో దిగాలి. మొద్దుకు మోకు కట్టాలి. ఏ కొమ్మ ముందు నరకాలో, ఏది నరికితే మొద్దు మీదికి దొర్లుతుందో తెలియాలి. దీన్ని మోటు పని అన్నారు గానీ, ఇది విద్య.

నీళ్లలో దిగవలసిందెవరో చట్టమే చెప్పింది. గోదావరి ఆనకట్ట 1852లో, కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. ఏటికో, కాలువకో, చెరువుకో గండి పడే ప్రమాదముంటే, చుట్టుపక్కల 'శ్రామిక వర్గాల'లోని ఒళ్లు గట్టి మగవాళ్లందర్నీ పనికి రమ్మనే అధికారం అది అధికారికిచ్చింది. కూలి ఇవ్వాలంది. రానివాడికి జరిమానా, ఖైదు అంది. ఊరుమ్మడిగా చేసుకునే కాలువ, మురుగు పనుల విషయంలో, అంటే కుడిమరామత్తులో, అదే చట్టం మరో మాట చెప్పింది: తన వంతు పని చెయ్యనివాడు దాని విలువకు రెట్టింపు సొమ్ము కట్టాలి. డబ్బున్నవాడు డబ్బు కట్టి గట్టు మీద ఉండిపోవచ్చు. లేనివాడు నీళ్లలో దిగాలి.

ఈ చట్టంలో కులం పేరు లేదు. రాయాల్సిన అవసరమూ లేదు. డెల్టా పొలాల్లో భూమి లేని కూలీలెవరో, ఊరి వెట్టి ఎవరి నెత్తినుందో అందరికీ తెలుసు.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ప్రజావసరం కోసం నిర్బంధ సేవ విధించవలసి వచ్చినా మతం, జాతి, కులం, వర్గం చూసి వివక్ష చూపకూడదంది. 1858 నాటి 'శ్రామిక వర్గాలు' అనే మాటకు ఇది సూటి జవాబు. కానీ కాగితం మీద జవాబు దొరికినంత మాత్రాన నీళ్లలో దిగే మనిషి మారిపోడు. అధికారి హుకుం పోయిన చోట ఆకలి ఉంది, కాంట్రాక్టరు పిలుపు ఉంది.

అందుకే తుఫాను చరిత్రను పల్లెల్లోంచి మళ్లీ రాయాలంటున్నాం. విద్యార్థులు, కార్యకర్తలు పెద్దవాళ్లను అడగవలసిన ప్రశ్నలివి: నీళ్లలో దిగిందెవరు? కూలి ఎంత ముట్టింది? ఒడ్డుకు లాగిన కలప ఎవరింటికి పోయింది? అన్నిటికన్నా ముఖ్యంగా, మొదట ఏ డ్రెయిన్ తీశారు, ఆసాముల చేల పక్కదా, మాలపల్లె పక్కదా? సాయం ఏ వరుసలో అందిందో తేలితే కులం ఎక్కడ పనిచేసిందో తేలుతుంది.