ఒక వారం పాఠం, ఒక వారం పని

ఇంటర్న్‌షిప్ అనేది సాఫ్ట్‌వేరోళ్ళు కనిపెట్టిందని అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అసలు కథ 1906లో, అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో మొదలైంది. చదువుకుంటూ పనిచేసిన కుర్రాళ్ళే తర్వాత బాగా రాణిస్తున్నారని గమనించిన హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగు మాస్టారు ఈ పథకం వేశాడు.

మొదట చేరింది 27 మంది. వాళ్ళని రెండు జట్లు చేశారు. ఒక జట్టు క్లాసులో ఉన్న వారం రెండోది కార్ఖానాలో ఉంటుంది, పై వారం తారుమారు. దాంతో యంత్రం దగ్గర ఎప్పుడూ మనిషి ఉండేవాడు, యజమానికీ ఇబ్బంది లేదు. పైగా కుర్రాళ్ళకి జీతం కూడా ఇచ్చారండోయ్! యూనివర్సిటీ పాలకమండలి మాత్రం ఒక్క ఏడాదికే ఒప్పుకుని, బెడిసికొడితే మా పూచీ లేదు అనేసింది.

మన దేశంలో పిలానీ బిట్స్ 1973లో ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టింది. అక్కడి కిటుకేంటంటే, కంపెనీలో చేసే పని కూడా డిగ్రీలో భాగమే, దానికీ గ్రేడు ఉంటుంది, చూసుకోడానికి అధ్యాపకులు ఉంటారు. నన్నడిగితే అసలు ఖర్చు, శ్రమ అంతా ఆ అధ్యాపకుల దగ్గరే ఉంది. మన దగ్గర చాలా కాలేజీలు అది తప్పించుకుని, సర్టిఫికెట్ తెచ్చుకోండని పిల్లల్ని వదిలేశాయి. వాళ్ళేమో అమీర్‌పేట వెళ్ళి ప్రాజెక్టు కొనుక్కొచ్చారు. సిన్సినాటిలో కుర్రాడికి జీతమిస్తే, ఇక్కడ కుర్రాడే ఎదురు డబ్బు కట్టాడు!