మాణిక్యుడు కన్న కల

పెరూలోని వినికుంకా పర్వతానికి ఖనిజాలు రంగులద్దాయి. మన మౌలాలి గుట్ట ఒట్టి నల్లరాయి. దానికి మహిమ నిచ్చినది ఒక కల.

మా యాకుత్‌పురా పేరులోని 'యాకూత్' అనగా మాణిక్యం. ఆ పేరే గల గోల్కొండ కొలువు సేవకుడు 1578లో వ్యాధిగ్రస్తుడై యుండగా, పచ్చని వస్త్రధారి యొకడు కలలో వచ్చి ఈ గుట్టకు పిలుచుకొని పోయెనట. అక్కడ హజ్రత్ అలీ రాతిపై చేయి ఆనించి కూర్చుండిరి. తెల్లవారి వెళ్ళి చూడగా రాతిపై హస్తముద్ర! దానిని తొలిపించి కమానులో నిలిపినట్లు ఐతిహ్యం. సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా కల కాదిది, సేవకునిది. నాకు ముచ్చట గొలిపేది అదే. ఏటా రజబు నెల 17న అక్కడ ఉర్సు జరుగుతుంది.

గుట్ట దిగువన కవయిత్రి, నర్తకి మహ్‌లఖా బాయి 1792లో తల్లికి సమాధి కట్టించింది. 1824లో తానూ ఆ తల్లి ప్రక్కనే ఒరిగింది.