మహమ్మారి అనంతరము మన విమానయానము

మనుష్యుడు ఏ వాహనమెక్కిన, వ్యాధియు ఆ వాహనమే ఎక్కుచున్నది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ఓడలలో బొంబాయి రేవునకు చేరి, రైలుమార్గముల వెంట దేశము నలుమూలలకు ప్రాకినది. సుమారు నూరు సంవత్సరముల తరువాత కోవిడ్ వ్యాధి విమానములలో వచ్చినది. దానిని అరికట్టుటకై 2020 మార్చి నాలుగవ వారములో విదేశ విమానములను, 25వ తేదీ నుండి దేశములోని విమానములను ఆపివేసినారు.

రెండు నెలలపాటు మన ఆకాశము మూగవోయినది. మే 25న మూడవ వంతు సర్వీసులతోనే విమానములు మరల కదలినవి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మరునాడు ఆరంభమైనవి. 2019లో దేశములోపల విమానములలో ప్రయాణించినవారు 14 కోట్ల 41 లక్షలు కాగా, 2020లో 6 కోట్ల 30 లక్షలు మాత్రమే.

ఈ దెబ్బ అందరికీ ఒకే తీరున తగులలేదు. మహానగరములో ఒక విమానము రద్దయిన మరియొకటి ఉండును. చిన్న పట్టణమున కున్నది ఒక్కటే. అది ఆగిన మార్గమే మూతపడును. డెబ్బది చిల్లర సీట్ల విమానము సగము ఖాళీగా ఎగిరిన ఖర్చులు రావు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము సిమ్లా-ఢిల్లీ మార్గముతో పాటు కడప-హైదరాబాదు మార్గమున ఆరంభమైనప్పుడు మన సీమలో చిగురించిన ఆశ యిట్టి సన్నని ఆధారము మీదనే నిలిచినది. 2021 మార్చిలో కర్నూలు సమీపమున ఓర్వకల్లు విమానాశ్రయము ప్రారంభమైనది. కొలది వారములకే వ్యాధి రెండవమారు విజృంభించినది.

అప్పటికే టీకాలు వచ్చినవి. ఆ జనవరి 12న పూనా నుండి, 13న హైదరాబాదు నుండి టీకాల పెట్టెలను దేశములోని పలు నగరములకు మోసినవి విమానములే. 16న టీకాలు వేయుట మొదలైనది. కాని జనసంఖ్యతో పోల్చిన అది ఆరంభము మాత్రమే. ఫిబ్రవరిలో 78 లక్షలున్న ప్రయాణికులు మే నెలలో 21 లక్షలకు పడిపోయినారు. ఆ ఫిబ్రవరి సంఖ్యను దాటుటకు అక్టోబరు వరకు ఆగవలసి వచ్చినది. అక్టోబరు 18న సర్వీసులపై పరిమితిని పూర్తిగా తొలగించినారు. మూడు దినములకే దేశములో వేసిన టీకాలు 100 కోట్లకు చేరినవి. రెండు టీకాలు పొందినవారికి అనేక రాష్ట్రములు పరీక్షాపత్రము లేకయే ప్రవేశము నిచ్చినవి.

మరి టీకాల ప్రభావమును ఎట్లు కొలువవలెను? 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు చూడవలెను. డిసెంబరులో కోటి 12 లక్షలున్న ప్రయాణికులు జనవరిలో 64 లక్షలకు దిగినారు. ఆ నెలాఖరునకు పెద్దలలో నూటికి 75 మంది రెండు టీకాలు పొందియే యున్నారు! కనుక టీకా పతనమును ఆపలేదు. కాని మార్చి నాటికే ఆ సంఖ్య కోటి 6 లక్షలు దాటినది. మునుపు అయిదు నెలలు పట్టిన కోలుకొనుట ఈమారు రెండు నెలలలో దాదాపు పూర్తియైనది. ఒమిక్రాన్ తీవ్రత తక్కువ యగుటయు, అంతకుముందే పలువురికి వ్యాధి సోకియుండుటయు ఇందుకు తోడ్పడినవి. అయినను ప్రజలకు ధైర్యము నిచ్చుటలో టీకాల పాత్ర గొప్పది.

2023లో ప్రయాణికులు 15 కోట్ల 20 లక్షలకు చేరి, 2019 నాటి సంఖ్యను మించినారు. ఈ అంకెను చూచి అంతయు పూర్వమువలె నయినదని మనము తలపరాదు. కడప మార్గమున తొలి ఉడాన్ విమానమును నడపిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలోనే సర్వీసులు నిలిపివేసినది. టీకా ప్రయాణికునకు ధైర్యము తెచ్చినది గాని, ఆగిపోయిన సంస్థను మరల నడపజాలదు. దేశపు మొత్తము లెక్కలో నిండిన లోటు, చిన్న పట్టణపు విమానాశ్రయమున కూడ నిండినప్పుడే మన విమానయానము నిజముగ కోలుకొన్నదని చెప్పదగును.